సగంలో ఆగిన జెండా

ఆ రోజు ఉదయం మాజీ సైనికుల సంఘం శాఖ కార్యదర్శి వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త జెండా ఎగరేయాలి, హాల్లో కుర్చీలు వేయాలి, పది గంటలకు వార్షిక సమావేశం జరిపించాలి. మొదటి రెండూ ఆయన చేతిలో ఉన్న పనులే. మూడోది మాత్రం సభ్యుల దయ.

ఆ దయ గురించి కాస్త చెప్పుకోవాలి. సభ్యుల్లో సగం మంది వేరే ఊళ్లకు వెళ్లి స్థిరపడ్డారు. సమావేశం చెల్లాలంటే మొత్తం సభ్యుల్లో సగం మంది హాజరు కావాలి. అంటే ఊళ్లో మిగిలినవాళ్లు ఒక్కరు కూడా మానకుండా రావాలి. ఒకప్పుడు మంచులోనూ బురదలోనూ వేళ తప్పకుండా హాజరైన మనుషులే వీళ్లంతా. ఇప్పుడు మాత్రం నాలుగు వీధులు దాటి రావడానికి ఒకరికి మోకాలు, ఒకరికి అల్లుడు, ఒకరికి నీళ్ల ట్యాంకరు అడ్డం వస్తాయి. కోరం లేక సమావేశం రెండేళ్లుగా వాయిదా పడుతోంది. ఈసారీ అంతే అయితే శాఖను మూసేసి పక్క ఊరి శాఖలో కలిపేస్తామని కేంద్ర కార్యాలయం తేల్చి చెప్పింది.

కార్యదర్శి సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి వచ్చాడు. ఉద్యోగం అయిపోయాక ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే బయల్దేరి వెళ్లడానికి ఆయనకు మిగిలిన చోటు ఈ శాఖ ఒక్కటే. అది పోతే తన కోసం ఎవరూ ఎక్కడా ఎదురుచూడరని ఆయనకు లోలోపల బెంగ. శాఖ పోతే ఆయన రోజంతా ఇంట్లో ఉంటాడని భార్యకు అంతకన్నా పెద్ద బెంగ. ఒకసారి జ్వరం వచ్చి వారం రోజులు ఇంట్లో ఉన్నప్పుడు ఆయన వంటింటి డబ్బాలన్నిటినీ ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టి, రోజూ ఉదయం తనిఖీ చేశాడు.

"అందరికీ ఫోన్లు చేశాను. తప్పకుండా వస్తామన్నారు," అన్నాడు కార్యదర్శి చెప్పులేసుకుంటూ.

"తప్పకుండా అన్నారా? అయితే రారు," అంది ఆవిడ.

"శుభమా అని బయల్దేరుతుంటే..."

"నేనూ మనసులో దణ్ణం పెట్టుకుంటూనే అంటున్నానండీ. ఆ శాఖ మూతపడిందంటే మాత్రం నేను మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను. డబ్బాలకు మీరే డ్రిల్లు చేయించుకోండి."

ఆ తొందరలో ఆయన మెడల్స్ పెట్టె బల్ల మీదే మర్చిపోయాడు.

శాఖ అంటే ఒక హాలు, దాని వెనక చిన్న ఆఫీసు గది, ముందు వాకిట్లో పొడుగాటి జెండా స్తంభం. కార్యదర్శి హాలు తెరిచి కుర్చీలు వేసి, కొత్త జెండా కట్టి తాడు లాగాడు. జెండా ఠీవిగా సగం దాకా వెళ్లి ఆగిపోయింది. పైన కప్పీలో ముడి ఇరుక్కుంది. ఆ ముడి వేసింది మరెవరో కాదు. తాడు తెగినప్పుడు, కొత్త తాడెందుకు దండగ అని, చేతనైన మనిషిలా ఆయనే వేశాడు. అంత బాగా వేశాడు కాబట్టే ఇప్పుడు అది పైకీ పోవడం లేదు, కిందికీ రావడం లేదు. వేలాడినంత పని చేశాడు, కదల్లేదు.

సగంలో ఉన్న జెండాకు అర్థమేమిటో ఆయనకు తెలియనిది కాదు. ఎవరి కంటా పడకముందే సరిచేయాలి. మెయిన్ రోడ్డు మీద ఎలక్ట్రీషియన్ దగ్గర పెద్ద నిచ్చెన ఉంది. కార్యదర్శి ఆఫీసు గదికి తాళం వేసి, సగం తాగిన టీ వదిలేసి, పరుగులాంటి నడకతో బయల్దేరాడు. జీవితమంతా సిగ్నళ్లు పంపిన ఆ మనిషి ఫోను మాత్రం గదిలో ఛార్జింగులోనే ఉండిపోయింది.

ఆయన వీధి మలుపు తిరగ్గానే అటువైపు నుంచి బ్యూగులాయన వచ్చాడు. పటాలంలో బ్యూగులు ఊదిన ఈయన ఈ రోజు సమావేశానికి రాకుండా ఉండటానికి మోకాలి నొప్పి అని చెప్పాలని నిశ్చయించుకుని, అదే మోకాలితో హాయిగా వాహ్యాళికి బయల్దేరాడు. జెండా చూశాడు. ఆగాడు. నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. తర్వాత అధ్యక్షుడు మేజరు గారికి ఫోను చేశాడు.

"సార్, జెండా సగంలో ఉంది."

"సరే. పది గంటలకి. మెడల్స్‌తో," అన్నాడు మేజరు గారు.

ఎవరు పోయారని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. అది శాఖ నియమం. ఒకప్పుడు కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరిన సభ్యుడి ఇంటికి తొందరపడి పూలదండ పంపేశారు. ఆ దండను, అప్పటికే నయమై ఇంటికొచ్చిన ఆయనే సంతకం చేసి తీసుకున్నాడు. అప్పటి నుంచి, జెండా సగానికి దిగితే అందరూ పది గంటలకు వచ్చేయాలి, ఫోన్లలో పేరు ఎత్తకూడదు, పేరు శాఖలోనే తెలియాలి అని నియమం పెట్టారు. పుకార్లు పుట్టకుండా ఈ నియమాన్ని రాసింది కార్యదర్శే.

వార్త ఒకరి నుంచి ఒకరికి పాకింది. మోకాళ్లు బాగుపడ్డాయి. అల్లుళ్లు తమ కాఫీ తామే కలుపుకున్నారు. నీళ్ల ట్యాంకర్లు వాటి దారిన అవి పోయాయి. బతికున్నవాళ్లు పిలిస్తే రానివాళ్లు పోయినవాళ్ల కోసం కదిలారు, ఎందుకంటే ఈ విషయంలో ఎవరి లెక్కలు వాళ్లకున్నాయి. ఈ రోజు మనం వెళ్లకపోతే రేపు మనకెవరు వస్తారు? పెళ్లినాటి కోట్లలోకి ఊపిరి బిగబట్టి దూరి, మెడల్స్ తగిలించుకుని పది గంటలకు ముందే హాల్లోకి చేరుకున్నారు.

ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. వంటాయన కనబడ్డాడు. ఒకప్పుడు పటాలానికంతా వండి పెట్టిన మనిషి. "నువ్వు కాదన్నమాట," అన్నాడు బ్యూగులాయన అతని భుజం పట్టుకుని. అలా ఒక్కొక్కరూ తాము కాదని రుజువు చేసుకున్నాక, రానివాడు ఒక్కడే మిగిలాడు.

"కార్యదర్శికి ఫోను చెయ్యండి," అన్నాడు మేజరు గారు.

చేశారు. తాళం వేసిన గదిలోంచి ఫోను మోగింది. కిటికీలోంచి తొంగి చూశారు. లోపల కుర్చీ, సగం తాగిన టీ, మోగుతున్న ఫోను ఉన్నాయి. మనిషి మాత్రం లేడు.

"టీ కూడా పూర్తిగా తాగలేదురా," అని వంటాయన గొల్లుమన్నాడు.

"ఆగండాగండి," అన్నాడు బ్యూగులాయన. "పోయింది కార్యదర్శి అయితే, జెండా సగానికి దించిందెవరు?"

అందరూ మేజరు గారి వైపు చూశారు. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "గుండెలో నొప్పి తెలిసుంటుంది. ఇక లాభం లేదనుకున్నాడు. తన డ్యూటీ తనే ముగించి, గదికి తాళం వేసి, ఆసుపత్రికి నడిచి వెళ్లుంటాడు," అన్నాడు చివరికి. కార్యదర్శి సంగతి తెలిసినవాళ్లకు ఇందులో నమ్మలేనిదేమీ కనిపించలేదు.

ఇప్పుడు ఆయన భార్యకు చెప్పాలి. యుద్ధాలు చూసినవాళ్లతో నిండిన ఆ హాల్లో ఒక్కడూ ముందుకు రాలేదు. మేజరు గారు బ్యూగులాయనను చూశాడు. బ్యూగులాయన మోకాలు పట్టుకున్నాడు. ఇంతలో ఆవిడే గేటు తీసుకుని లోపలికి వచ్చింది. చేతిలో మెడల్స్ పెట్టె ఉంది.

"తెలిసిపోయింది," అని గుసగుసగా అన్నాడు వంటాయన.

అందరూ లేచి టోపీలు తీశారు. ఇన్నేళ్లలో తనకు ఒక్కసారైనా కుర్చీ వేయని మనుషులు ఇలా లేచి నిలబడేసరికి ఆవిడ తెల్లబోయింది.

"ఇవి వదిలేసి వెళ్లారండీ. ఈ రోజు కూడా ఇవి లేకపోతే ఆయన మనసు ఒప్పదని తెచ్చాను," అంది ఆవిడ.

"ఎంత నిబ్బరం!" అన్నాడు మేజరు గారు పక్కకు తిరిగి, కళ్లు తుడుచుకుంటూ. పెట్టెను రెండు చేతులా అందుకుని బల్ల మీద పెట్టి, పక్కనే తను తెచ్చిన పూలగుచ్ఛం అమర్చాడు. ఆవిడను ముందు వరసలో కూర్చోబెట్టారు. పాపం ఎవరో పోయినట్టున్నారని ఆవిడ కూడా తలవంచుకుంది.

అదే సమయానికి పక్క ఊరి శాఖ కార్యదర్శి దిగాడు. వైమానిక దళంలో గోడౌను చూసుకుని వచ్చిన ఆయనను అందరూ పైలట్ అంటారు. కోరం ఉందో లేదో చూసి రమ్మని కేంద్ర కార్యాలయం పంపింది. ఉండదన్న నమ్మకంతో ఆయన బీరువా, బోర్డు, బ్యూగులు పట్టుకుపోవడానికి ఒక చిన్న వ్యాను కూడా వెంట తెచ్చుకున్నాడు. లోపలి వాతావరణం చూసి, వ్యానును కొంచెం దూరంగా పెట్టించి, వచ్చి ఒక మూల నిలబడ్డాడు.

మేజరు గారు మొదలుపెట్టాడు. "అటువంటి మనిషిని మళ్లీ చూడం. శాంతమూర్తి. పొరపాటున కూడా ఎవరినీ ఒక్క మాట అని ఎరగడు."

"ఎవరండీ ఆ మహానుభావుడు?" అని ఆవిడ వంటాయనను మెల్లగా అడిగింది. వంటాయన భోరుమన్నాడు.

సరిగ్గా అప్పుడే కార్యదర్శి నిచ్చెన భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. ఎలక్ట్రీషియన్ ఎవరి మేడ మీదో ఉంటే అతను దిగేదాకా ఆగి, నిచ్చెన తను మోసుకొచ్చేసరికి ఇంత పొద్దెక్కింది. హాలు నిండా జనం కనబడ్డారు. ఆయన గుండె ఆనందంతో ఎగిరింది. మరుక్షణం వంచిన తలలు చూసి దబ్బున కింద పడింది. ఎవరో నిజంగానే పోయారు. జెండా దాని అంతట అదే ముందుగా గ్రహించిందా ఏమిటి? ఆయన నిచ్చెన గోడకు ఆనించి, చప్పుడు చేయకుండా వెనక వరస వెనక నిలబడ్డాడు.

"తన పని ఎవరి మీదా పడేసేవాడు కాదు. సొంత లాభం చూసుకోలేదు. మనం రాకపోయినా రోజూ ఈ తలుపు తెరిచేవాడు," అంటున్నాడు మేజరు గారు.

మన శాఖలో ఇంత మంచివాడు ఎవరబ్బా అని కార్యదర్శి మెడలు లెక్కపెట్టుకున్నాడు. అన్ని మెడలూ ఉన్నాయి. ఏమీ అర్థం కాలేదు. అయినా దుఃఖం వచ్చింది. ఎవరో గాని, బతికుండగా ఒక మంచి మాట చెప్పి ఉండాల్సింది అనుకున్నాడు.

"ఇప్పుడు ఆఖరి హాజరు," అన్నాడు మేజరు గారు.

శాఖ ఆచారం ప్రకారం సభ్యుడు పోయిన రోజు అందరి హాజరూ పిలుస్తారు. ఉన్నవాళ్లు పలుకుతారు. పోయినవాడి పిలుపు చిట్టచివర వస్తుంది. మూడుసార్లు పిలిచి, బదులు రాకపోతే బ్యూగులు ఊదుతారు. మేజరు గారు పిలుస్తున్నాడు. "ప్రజెంట్ సార్!" "ప్రజెంట్ సార్!" గొంతులు ఒక్కొక్కటే లేచాయి. మూల నిలబడ్డ పైలట్ కూడా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోయి, చివరి వేలు దగ్గర ఆగి, తనలో తను చిరునవ్వు నవ్వుకున్నాడు. సగానికి ఒకటి తక్కువ.

బ్యూగులాయన బ్యూగులు పెదవులకు ఆనించాడు.

"శాఖ కార్యదర్శి!"

"ప్రజెంట్ సార్!" అని హాలు దద్దరిల్లేలా పలికాడు కార్యదర్శి, మడమలు రెండూ టప్పున కలిపి.

మేజరు గారు అలవాటు కొద్దీ టిక్కు పెట్టి, రెండోసారి పిలవడానికి నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు. బ్యూగులులోంచి దూడ అరిచినట్టు ఒక చప్పుడు వచ్చింది. వంటాయన వెనక్కి తిరిగి చూసి, కుర్చీతో సహా కిందపడ్డాడు.

"అదేమిటండీ, మీరిక్కడున్నారా? మెడల్స్ మర్చిపోయారు," అంది ఆవిడ ఒక్కతే మామూలుగా.

ఆ తర్వాత జరిగిన గోల రాయడం కష్టం. ముడి సంగతి, నిచ్చెన సంగతి, ఫోను సంగతి బయటపడేసరికి ఒకళ్లు నవ్వారు, ఇద్దరు తిట్టారు. అన్నిటికన్నా ఎక్కువ కోపం వచ్చింది బ్యూగులాయనకు. ఎన్నాళ్లకో వాయించే అవకాశం వస్తే మొదటి స్వరంలోనే చెడగొట్టాడట.

"కావాలనే చేశావు కదూ?" అని నిలదీశాడు.

"నాకంత తెలివుంటే ఆ ముడి వేస్తానా?" అన్నాడు కార్యదర్శి. అందరూ నమ్మారు.

కార్యదర్శి భార్య మాత్రం మేజరు గారి దగ్గరికి వెళ్లింది. "ఇందాక మీరన్న ఆ శాంతమూర్తి ఈయనేనా సార్? ఒకసారి మా ఇంటికొచ్చి ఆ మాట మళ్లీ చెప్పండి. మా డబ్బాలు కూడా వింటాయి."

కార్యదర్శి కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు చెమ్మగిల్లాయి. "నేను పోతే అందరూ వస్తారన్నమాట," అన్నాడు.

"రామా మరి?" అన్నాడు వంటాయన, మోచేయి దులుపుకుంటూ.

"ఉన్నప్పుడు రండిరా బాబూ. పోయాక మీరొస్తే నాకు తెలుస్తుందా, ఏమైనా ఒరుగుతుందా?"

అందరూ తమ బూట్ల వైపు చూసుకున్నారు. అప్పుడు పైలట్ గొంతు సవరించుకున్నాడు. "అయితే సమావేశం లేదన్నట్టేగా? వీళ్లంతా సంతాపానికి వచ్చారు, సమావేశానికి కాదు."

మేజరు గారు లేచాడు. మోసపోయిన కోపమంతా తీర్చుకోవడానికి ఆయనకు ఇప్పుడు తగిన మనిషి దొరికాడు. "ఈ రోజు పది గంటలకు, ఈ హాల్లో, అధ్యక్షుడిని నేను హాజరు పిలిచాను. సగం మంది పలికారు. నీ ఎదురుగానే పలికారు. దాన్ని సమావేశం అనక మరేమంటారయ్యా?"

"కానీ ఆ చివరి ఆయన్ని చనిపోయాడనుకుని పిలిచారు కదా!"

"పిలిచింది ఎలాగైనా, పలికింది బతికున్నవాడే. కోరం పూర్తయింది. తలుపు వెయ్యండి."

తలుపు వేశారు. శాఖ బతికింది. ఏడాదికి సరిపడా తీర్మానాలు అక్కడికక్కడే చేసేశారు. అధికారికంగా ఎవరూ పోకుండానే జెండాను సగంలో ఉంచినందుకు కార్యదర్శిని తీవ్రంగా మందలించారు. ఆయన్నే మళ్లీ కార్యదర్శిగా ఎన్నుకున్నారు. వచ్చిన వ్యాను ఖాళీగా పోవడం మర్యాద కాదని, పూలగుచ్ఛం పైలట్ చేతిలో పెట్టి పంపారు. చీకటి పడేలోగా ముడి తీసేయాలని కార్యదర్శి నిచ్చెన పట్టుకుని వాకిట్లోకి బయల్దేరాడు గాని, మేజరు గారు ఆపాడు.

జెండాను మాత్రం జాగ్రత్తగా విప్పి దించారు. ముడి జోలికి వెళ్లలేదు. కప్పీ మరమ్మతును వచ్చే ఏడాది సమావేశం ముగిసేదాకా వాయిదా వేయాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.