నవలలు లెక్కలోకి రావు

ఆ రోజు శాసనంగారి పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా ఉత్తరాలకు జవాబులు రాసెయ్యడం, భోజనమయ్యాక ఇస్త్రీ చొక్కా మార్చుకోవడం, నాలుగింటికి డైరెక్టరుగారి నోటి మీదుగా కథాధికారి అయిపోవడం. కథ విషయంలో ఆఖరి మాట చెప్పే ఆ పదవి కోసం పదేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాడాయన. చొక్కాను భార్య పొద్దున్నే ఇస్త్రీ చేసి, మడత నలగకుండా సంచిలో పెట్టిచ్చింది. తన ఉద్యోగానికి ఆవిడ చెయ్యగలిగిన సాయం అంతకుమించి ఏముంటుందని ఆయన ఉద్దేశం.

ఆయన పనిచేసేది వీడియో గేములు తయారుచేసే కంపెనీలో. ఒక సేనాపతి, ఒక కోట, నది అవతల బోలెడుమంది శత్రువులు. నాలుగు భాగాలు వచ్చాయి, ఐదోది తయారవుతోంది. ఆ కథలో ఏది జరిగినట్టు, ఏది జరగనట్టు అన్నది తేల్చి కంప్యూటరు రిజిస్టరులో ఎక్కించడం ఆయన ఉద్యోగం. ఎప్పుడూ జరగని వాటిల్లో ఏది జరిగిందో చెప్పినందుకు నెలనెలా జీతమిస్తారంటే మామగారు చాలాకాలం నమ్మలేదు. రాసినదాన్ని కొట్టెయ్యడం ఈయన ఇంటావంటా లేదు కనక ఆఫీసులో ‘శాసనం’ అని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

గేముకి తోడుగా కంపెనీ నవలలు కూడా వేస్తుంది. ఇప్పటికి ఆరు వచ్చాయి, ఆరూ రాసింది ఆయన భార్యే. ఆ నవలలంటే ఆయనకు గౌరవం లేకపోలేదు, చంటిపిల్లలు గోడ మీద గీసిన బొమ్మలంటే పెద్దవాళ్ళకు ఉండేపాటి గౌరవం ఉంది.

ఆఖరి ఉత్తరం ఒక అభిమాని రాసింది. మూడో నవలలో సేనాపతి భార్య చనిపోయింది, గేములో ఆవిడ ఊసే లేదు, ఇంతకీ నవలల్లో జరిగింది నిజమా కాదా అని నిలదీశాడు. ఇలాంటి ప్రశ్నలకు ఆయన ఇన్నాళ్ళూ గోడ మీద పిల్లిలా జవాబు చెప్పి తప్పుకునేవాడు. కాబోయే అధికారికి అది తగదనిపించి, ఈసారి తెగేసి రాశాడు: ‘నవలలు లెక్కలోకి రావు. నవలల్లోనే మొదట కనిపించినదేదీ జరగలేదు.’ జవాబు కంపెనీ పేజీలో అందరికీ కనబడేలా పెట్టాడు. పద్ధతి ప్రకారం అదే ముక్క రిజిస్టరులో ఎక్కించాడు. ఆయన జరగలేదని రాసినదాన్ని గేములోంచి దానంతటదే తీసేసే ఏర్పాటు కిందటి వారమే పెట్టించారు. పట్టుబట్టి పెట్టించింది ఆయనే.

పావుగంటలో, గేము ఆడి తప్పులు పట్టే అమ్మాయి వచ్చింది.

“సార్, సేనాపతి పరిగెడుతున్నాడండీ.”

“పరిగెడితే మంచిదేగా.”

“ఆయనకి కుంటికాలు కదండీ.”

శాసనంగారు రిజిస్టరు తెరిచాడు. ప్రతి విషయం పక్కనా అది ఎక్కడినుంచి వచ్చిందో పేజీతో సహా రాసిపెట్టడం ఆయన అలవాటు. కుంటికాలు: రెండో నవల, నలభయ్యో పేజీ. ఆయన ఇంకా తేరుకోకముందే సేనాపతి కుక్క మాయమైంది. కోట కాపలావాడికి మాట పడిపోయింది. మధ్యాహ్నానికి సేనాపతికి పేరు కూడా లేకుండా పోయింది.

భోజనం వేళకు అత్తగారి ఫోను. “అల్లుడుగారూ, మా అమ్మాయి రాసినవేవీ లెక్కలోకి రావట కదా. పేజీలో చూసి పక్కింటివాళ్ళు అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు?” ఇది ఆఫీసు వ్యవహారమని ఆయన అన్నాడు. ఆఫీసు ముక్కని ఊరందరికీ చెప్పి, ఇంట్లోదానికి ఎందుకు చెప్పలేదని ఆవిడ అడిగింది. ఆయన పనుందని ఫోను పెట్టేశాడు. భార్యకు ఫోను చేస్తే ఎత్తలేదు.

రాసినదాన్ని కొట్టేద్దామని కూర్చున్నాడు, జీవితంలో మొదటిసారి. ఏడో నిబంధన అడ్డొచ్చింది. తీసేసిన విషయాన్ని తిరిగి చేర్చాలంటే దాన్ని మొట్టమొదట కల్పించి రాసినవారి సంతకం కావాలి. ఎవరూ తనను బతిమాలి మార్పించకుండా ఆ నిబంధన పెట్టిందీ ఆయనే. దారి దొరుకుతుందేమోనని రిజిస్టరు పేజీ తర్వాత పేజీ తిరగేశాడు. నది పేరు ఆమెది. కోటలో చలి ఆమెది. సేనాపతి యుద్ధానికి వెళ్ళేముందు వెనక్కి తిరిగి చూడటం కూడా ఆమెదే. పదేళ్ళుగా తను ఆమె రాసిందే ఎక్కిస్తున్నాడు, ఒక్కసారైనా బాగుందని చెప్పలేదు. ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

నాలుగింటికి డైరెక్టరుగారు, ఐదో భాగం చూడటానికి పిలిచిన అతిథులందరి ముందూ గేము మొదలుపెట్టారు. పేరులేని సేనాపతి కుర్రాడిలా పరుగెత్తి, వంతెన ఉండవలసిన చోట నదిలో పడ్డాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు. వంతెన నాలుగో నవలది. అతిథులు మొదట ఇది హాస్యమనుకుని చప్పట్లు కొట్టారు. ఏడోసారికి మానేశారు. ఇస్త్రీ చొక్కాలో శాసనంగారికి చెమటలు పట్టాయి.

డైరెక్టరుగారు ఏడో నిబంధన సంగతి విని, స్వయంగా కారు పంపి శాసనంగారి భార్యను పిలిపించారు. ఆవిడ వచ్చి, నది ఒడ్డున నిలబడ్డ సేనాపతిని కాసేపు చూసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“కుక్కని కూడా తీసేశారా?” అంది.

“నువ్వు సంతకం పెడితే వచ్చేస్తుంది. తప్పు నాదే,” అన్నాడాయన.

“పెడతాను. గేములో ఒకటీ నవలలో ఒకటీ ఉంటే నవలదే నిజమని రాయించండి.”

డైరెక్టరుగారికి అప్పటికి వంతెన తప్ప ఇంకేమీ అక్కర్లేదు. రాయించారు. ఆ కాగితం మీదే కథాధికారి పేరు కూడా ప్రకటించారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాయన పేరు మాత్రం కాదు.

మర్నాడు పొద్దున అదే అభిమాని మళ్ళీ రాశాడు: అయితే ఇప్పుడు గేము లెక్కలోకి వస్తుందా, రాదా? శాసనంగారు చాలాసేపు ఆలోచించి, మొదటిసారి రిజిస్టరు తెరవకుండా జవాబు రాశాడు: ‘ఇంట్లో అడిగి చెబుతాను.’