అత్తగారు పుక్కిలించిన పరిశోధన

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా తేలిక. కాఫీ తాగాలి, నల్లపొడి సీసా పట్టుకుని ల్యాబుకు వెళ్ళాలి, పెద్దసారు ముందు పరీక్ష గెలవాలి. ఆ పొడి ఆమె మూడేళ్ళ తపస్సు. ఒక్కో రేణువు నిండా కంటికి ఆనని చిల్లులు. రక్తంలోనో ఉమ్ములోనో కలిపితే డీఎన్ఏను పట్టుకుంటుంది. అయస్కాంతం చూపిస్తే పట్టుకున్నదానితో సహా పరుగెత్తుకొస్తుంది. ఇవాళ పని చెయ్యకపోతే పరిశోధన మూసేస్తానని పెద్దసారు ముందే చెప్పారు. ల్యాబులో ఉంచితే ఎవరైనా వాడేస్తారని భయపడి, మహాతల్లి సీసాను ఇంటికి తెచ్చి వాష్ బేసిన్ పక్కన పెట్టింది.

అత్తగారికి నిన్నటి నుంచి చిగుళ్ళ నొప్పి. నల్లగా, మెత్తగా కనబడిన పొడిని పళ్ళపొడి కాక ఇంకేమనుకుంటారు పాపం! సీసా ఖాళీ చేసి, శుభ్రంగా తోముకుని, ఉప్పునీళ్ళు నోట్లో పోసుకున్నారు.

"అయ్యో అత్తయ్యా! మింగకండి! అక్కడ ఉమ్మకండి! ఇదిగో, ఈ గిన్నెలో!"

అత్తగారు గాజుగిన్నెలో ఉమ్మి, కళ్ళు ఒత్తుకున్నారు. "కన్నకొడుకు కూడా ఏనాడూ నాకిలా గిన్నె పట్టలేదమ్మా!"

కోడలికి ఆ మాట చెవికెక్కితేగా! గిన్నెకు అయస్కాంతం ఆనించి, పొడి జారకుండా నీళ్ళు వంచేస్తోంది. అప్పుడే అటు వచ్చిన ఆమె మొగుడు అది చూశాడు.

"ఏం వెతుకుతున్నావ్? అమ్మ పన్ను ఊడిందా?" అంటూనే పళ్ళ డాక్టరుకు ఫోను కొట్టాడు. ఊడిన పన్నును పాలల్లో వేసి తెమ్మన్నాడు డాక్టరు. మొగుడు పాలగిన్నెతో పరుగున వచ్చి, పొడి మీద పొయ్యబోయాడు. కోడలు పెట్టిన కేకకు పాలన్నీ నేలపాలయ్యాయి. ఇక పొడి కడిగే టైమెక్కడిది? దాన్ని సీసాలో ఊడ్చుకుని ల్యాబుకు పరుగెత్తింది.

"ముందు ఏమీ కలపకుండా, ఒట్టి నీళ్ళతో చూపించు" అన్నారు పెద్దసారు. ఆయన పద్ధతే అంత. ఖాళీ కుండ చూడనిదే పాలు పోయించుకోరు. ఒట్టి నీళ్ళకు సున్నా రావాలి. డీఎన్ఏను కొలిచే యంత్రం మీద గీత మాత్రం జివ్వున పైకి లేచింది.

"ఎవరిదిది?"

"మా... అత్తగారిది సార్."

కోడలు ఏడుపుగొంతుతో జరిగిందంతా కక్కేసింది. మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరైందనే అనుకుంది. పెద్దసారు కళ్ళజోడు తీశారు.

"అంటే ఉప్పునీళ్ళు, గిన్నె, అయస్కాంతం... ఇంతేనా? ల్యాబు అవసరం లేకుండా, వాష్ బేసిన్ దగ్గర నిలబడి డీఎన్ఏ తీసేశారా? ఇంత గొప్ప సంగతిని ఏడుస్తూ చెప్తావేంటమ్మా! మూసెయ్యడం లేదు, ఇంకో గది కూడా ఇస్తున్నా. రేపు మీ అత్తగారిని వెంటబెట్టుకురా, మళ్ళీ చేసి చూద్దాం."

సాయంత్రం సంగతంతా విని, అత్తగారు అద్దంలో నోరు చూసుకున్నారు.

"వస్తాలే. కానీ పళ్ళు మాత్రం తెల్లబడటం లేదని మీ సారుకి చెప్పు."