చెరుకు రసం కొట్లో ఐసు దొంగ

"అలెగ్జాండ్రియాలో ఇంకా నేరాలు జరుగుతున్నాయంటే, నా దృష్టి వాటి మీద పడలేదన్నమాట," అన్నాడు ఉస్తాద్ వగ్దీ, మీసానికంటిన చెరుకు రసం నురుగు తుడుచుకుంటూ.

ట్రాముల్లో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన వగ్దీ ఇప్పుడు అపరాధ పరిశోధకుడు. ఆ పదవి తనకు తానే ఇచ్చుకున్నాడు. కర్మూజ్ పేటలో అందరూ సిత్, అంటే అమ్మగారు, అని పిలిచే ఇన్సాఫ్ చెరుకు రసం కొట్టు నడుపుతోంది. కొన్నాళ్లుగా మధ్యాహ్నమయ్యేసరికి అక్కడ పెట్టెలో ఐసు సగానికి సగం మాయమవుతోంది. కరిగిపోతోందని పనివాడు బదవీ మొత్తుకున్నాడు. కరిగితే నీళ్లేవని ఇన్సాఫ్ నిలదీసింది. వాడు ఎదురు కొట్టుకు చాటుగా చేరవేస్తున్నాడని ఆమె అనుమానం. రేపు సాయంత్రానికి దొంగ దొరక్కపోతే ఉద్యోగం ఊడినట్టేనంది. బదవీకేమో త్వరలో పెళ్లి.

వగ్దీ వాణ్ణి సందులోకి లాక్కెళ్లి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"రేపు పెట్టెలో కర్కదే షర్బత్తుతో గడ్డకట్టించిన ఐసు పెడుతున్నాను. ఆ ఎర్రగోంగూర పూల రంగు మూతికంటితే ఓ పట్టాన వదలదు. ఎవరి పెదాలు ఎర్రబడితే వాళ్లే దొంగ. ఇది నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు."

"ఉస్తాద్, మీ అనుమానం నా మీదే కదా?"

"అవును. అందుకే రేపు జాగ్రత్తగా ఉండు."

ఐసు అమ్ముకునేవాడి పెదాలెందుకు ఎర్రబడతాయని అడగబోయి బదవీ మానుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇన్సాఫ్ చీకటిగా ఉండే వెనక గదిలోంచి బయటికొచ్చింది. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆ తెలుపులో పెదాలు, పళ్లు, గడ్డం మాత్రం ఎర్రగా ఉన్నాయి. బదవీకి క్షణంలో అర్థమైంది. దొంగ మీరేనని యజమానురాలికి చెబితే సాయంత్రం దాకా ఆగక్కర్లేదు, ఉద్యోగం అప్పుడే పోతుంది. ఆ మాటేదో వగ్దీయే అంటాడని ఆశగా చూశాడు.

వగ్దీ కుర్చీలోంచి లేచాడు. "విషప్రయోగం. ఈవిడ రక్తం కక్కుతోంది."

మూతి తుడుచుకున్న చేతిని చూసుకుని ఇన్సాఫ్ కూలబడింది.

"ఉస్తాద్, కర్కదే..." అన్నాడు బదవీ.

"మనిషి పోతుంటే షర్బత్తు అడుగుతావా?" అంటూ వగ్దీ టుక్‌టుక్ ఆటో ఆపాడు.

వీధి చివరి లాబొరేటరీలో డాక్టర్ ఇరీనీ దూదితో ఆ మూతి తుడిచి, వాసన చూసి, పుల్లటి షర్బత్తని తేల్చేసింది. విషం సంగతి తేల్చాల్సిందేనని వగ్దీ పట్టుబట్టాడు. అతని మాట కోసం కాదు గానీ, ఇన్సాఫ్ కంటి రెప్ప కింద పాలిపోవడం చూసి ఆమె రక్తం తీసుకుంది. సాయంత్రం ముగ్గురినీ కూచోబెట్టి చెప్పింది.

"విషం లేదు. హిమోగ్లోబిన్ బాగా తగ్గింది, ఎర్రకణాలు చిన్నవై పాలిపోయాయి. ఫెరిటిన్ అని ఇంకో పరీక్ష చేశాను. అది ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెబుతుంది. మీ గోదాము ఖాళీ. ఇలాంటివాళ్లకు కొందరికి ఐసు నమలాలనిపిస్తుంది. మీకేమైనా..."

"ఎప్పుడైనా ఒకటీ అరా," అంది ఇన్సాఫ్.

బదవీ పైకప్పు వంక చూశాడు.

"ఒకటీ అరా అంటే?"

"ఓ బక్కెట్టు. వెనక గదిలో కూచుని తింటాను. నా కొట్లో నేను తింటే దొంగతనమా? ఇవాళ్టిది కాస్త పుల్లగా ఉంది, బాగుంది కూడా."

"ఇనుము మాత్రలు రాస్తాను, టీతో కాకుండా నారింజ రసంతో వేసుకోండి. అసలు రక్తం ఎక్కడ పోతోందో కనిపెట్టాలి."

"అది నాకు వదిలెయ్యండి," అని లేచాడు వగ్దీ.

"మీరు బయట కూచోండి. నెలసరి సంగతులు అడగాలి."

బయట బల్ల మీద వగ్దీ, అంతా తను వేసిన పథకం ప్రకారమే జరిగిందని పక్క రోగులకు వివరించాడు. బదవీ చెవిన ఒక్క ముక్కా పడలేదు. తలుపు తెరుచుకునేదాకా దానివైపే చూస్తున్నాడు. ఇన్సాఫ్ వచ్చింది. తప్పయిందని అనడం ఆమెకు అలవాటు లేదు. ఐసు పెట్టె తాళంచెవి తీసి వాడి చేతిలో పెట్టింది.

"ఎవరడిగినా ఇవ్వకు."

"మీరడిగితే?"

"నేనడిగితే అసలే ఇవ్వకు."

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆమె వాడి వెనక వచ్చి నిలబడింది. "ఒక్క ముక్క."

"ఇవ్వను సిత్."

"ఉద్యోగంలోంచి తీసేస్తాను."

"తీసెయ్యండి. తాళంచెవి నాతోనే వస్తుంది."

ఆమె కాసేపు గుర్రుగా చూసింది. "అయితే నారింజ రసం పొయ్యి."

"ఐసు లేకుండా," అన్నాడు బదవీ.