సినిమా హాలు దాకా సముద్రం

"సముద్రాన్ని జయించడానికి మనిషికి కావలసింది తెరచాప కాదు, తెర!" అని నౌకావిహార సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ వెంటనే ఆరుగురు సభ్యులూ తలా ఒక ట్యాబు కొనుక్కున్నారు. అందులో ఒక యాప్ ఉంది. గాలి ఎటు వీస్తోందో, అడుగున నీళ్ళెంత లోతో, పడవ ఎటు తిప్పాలో అన్నీ అదే చెబుతుంది. నడిచిన దారినంతా నీలం గీతగా గీసి పెడుతుంది. ఏడాదిలో ఎక్కువ గీత గీసినవారికి వార్షికోత్సవంలో పతకం.

సంఘానికి పడవ లేదనుకునేరు, ఉంది. ఏటా దానికి రంగు వేస్తారు. రంగు పాడవుతుందని నీళ్ళలోకి మాత్రం దించరు.

ఆ ఆరుగురూ కెప్టెన్లే. వారిలో పెద్ద కెప్టెన్ గారు తూనికలూ కొలతల శాఖలో పనిచేసి రిటైరయినవారు. ఆయనకు నీళ్ళతో చనువు స్నానాల గది వరకే. ఈ రహస్యం తెలిసినవారు ఇద్దరు. ఒకరు భార్య, రెండోవారు సర్వే ఆఫీసులో అధికారిగా ఉన్న వియ్యంకుడు. భార్య సరే, ఇంట్లో మనిషి. వియ్యంకుడు గారు మాత్రం పిల్లల పెళ్ళినాటి నుంచీ నలుగురిలో, "బావగారూ, చినుకులు పడుతున్నాయి, లైఫ్ జాకెట్ తెచ్చుకున్నారా?" అంటూనే ఉన్నారు. అందుకే ఆ పతకం ఆయన చేతనే మెడలో వేయించుకోవాలని కెప్టెన్ గారి పంతం. ఆయన్నే ముఖ్య అతిథిగా పిలిచేశారు కూడా.

మరి నీళ్ళలో కాలు పెట్టకుండా గీత ఎలా వస్తుంది? రేవులో రోజూ జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించే సరంగు ఉన్నాడు. కెప్టెన్ గారు అతణ్ణి పక్కకు పిలిచారు.

"చూడు సరంగూ, ఈ ట్యాబు నీ పడవలో పెట్టుకు తిరుగు. మూడో కంటికి తెలియకూడదు."

"నా నోట్లో నువ్వుగింజ నానదంటుందండీ మా ఆవిడ. మీ కోసం నానబెడతాను."

నానబెట్టాడు. వారం తిరక్కుండా మిగతా అయిదుగురూ ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి అదే మాట చెబితే, ఆరు రహస్యాలనూ ఒకే సంచిలో వేసుకుని ఏడాది పొడుగునా తిరిగాడు.

వార్షికోత్సవానికి ముందురోజు మధ్యాహ్నం సరంగు భార్య సినిమాకు తీసుకెళ్ళమని అలిగి కూర్చుంది. పడవలో వదిలేస్తే ట్యాబులు ఎవరైనా ఎత్తుకుపోతారు. నమ్మకస్తుడు కదా! సంచి భుజాన వేసుకునే సినిమాకు వెళ్ళాడు. ఆట వదిలాక ఎవరి ట్యాబు వారికి గుట్టుగా అప్పజెప్పాడు.

మర్నాడు సభలో, అందరికన్నా వారం పొడుగున్న పెద్ద కెప్టెన్ గారి గీతను గోడ మీద వేసి చూపించారు. గీత రేవు దాటింది, వచ్చింది, మళ్ళీ దాటింది. చప్పట్లు! చివరిరోజున మాత్రం రేవులో ఆగలేదు. మెట్లెక్కింది. బజారు వీధిలో పడి, మంగలి షాపు దాటి, కెప్టెన్ గారి సొంత మేడ ముందు నుంచే నడిచి, పక్కనున్న సినిమా హాల్లో దూరింది. గంటన్నర కదల్లేదు. పది నిమిషాలు బయటికొచ్చి, మళ్ళీ లోపలికెళ్ళింది!

వెనక వరసలో అయిదుగురు కెప్టెన్లు పకపకా నవ్వారు. ఎందుకైనా మంచిదని తమ తమ ట్యాబులు తెరిచి చూసుకున్నారు. ఆపైన నవ్వలేదు.

వియ్యంకుడు గారు జేబులోంచి నోటుబుక్కు తీశారు. "బావగారూ, పడవ సినిమా హాల్లోకి వెళ్ళిందేమిటి?"

కెప్టెన్ గారు బల్ల మీద మెరుస్తున్న పతకం వంక చూశారు. "నిన్న సముద్రం పోటు కాస్త ఎక్కువండి."

"సినిమా హాలు దాకానా?"

"బాల్కనీ దాకా!" అంటూ రెండో కెప్టెన్ లేచారు. "ఆ పడవలో నేనూ ఉన్నాను."

"ఆరుగురం ఉన్నాం సార్," అన్నారు మూడోవారు. "లోపలికెళ్ళాక గాలి పడిపోయింది."

"మరి మధ్యలో పది నిమిషాలు బయటికెందుకు వచ్చారు?"

"గాలి కోసం!" అన్నారు ఆరుగురూ ఒక్క గొంతుతో.

వియ్యంకుడు గారు నవ్వలేదు. అంతా రాసుకుని, ఆరుగురి చేతా సంతకాలు పెట్టించి, పతకం మెడలో వేసి వెళ్ళిపోయారు.

పదో రోజున కెప్టెన్ గారి ఇంటికి సర్వే ఆఫీసు నోటీసు వచ్చింది. భార్య పైకి చదివింది: "ఆరుగురు బాధ్యతగల పౌరుల వాంగ్మూలము ననుసరించి, రేవు మొదలు సినిమా హాలు వరకు గల బజారు వీధి సముద్రములో భాగముగా నిర్ధారించడమైనది. నివాసులు ముప్పది దినములలో ఇండ్లు ఖాళీ చేయవలెను. వాంగ్మూలము అబద్ధమని వ్రాసియిచ్చి, పతకము వాపసు చేసినచో ఈ ఉత్తర్వు రద్దగును."

"ఏమండీ, ఆ ఒక్క ముక్కా రాసి పారేయండి. కొంప మునుగుతుంది!" అంది ఆవిడ.

కెప్టెన్ గారు కలం తీశారు. కిటికీలోంచి చూశారు. ఆ వీధివారే అయిన అయిదుగురు కెప్టెన్లూ నోటీసులు చేత పట్టుకుని, ముందు ఎవరు రాస్తారా అని ఎవరి కిటికీలోంచి వారు చూస్తున్నారు.

ఇంతలో గేటు దగ్గర అలికిడి. దుమ్ము రేగుతున్న వీధిలో వియ్యంకుడు గారు బూట్లు చేత పట్టుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నిలబడి ఉన్నారు.

"బావగారూ, కాగితం తీసుకెళ్దామని వచ్చాను. లోపలికి నడిచి రమ్మంటారా, ఈదుకుంటూ రమ్మంటారా?"

"రాసిచ్చేస్తారు, రండి అన్నయ్యగారూ!" అంది కెప్టెన్ గారి భార్య.

కెప్టెన్ గారు మెడలో పతకం తడుముకున్నారు. కలం మూత పెట్టి, గుమ్మంలోకి వచ్చారు.

"కాస్త ఆగండి బావగారూ, పోటు దిగనివ్వండి," అంటూ తన ప్యాంటు కూడా మోకాళ్ళ దాకా మడుచుకున్నారు.

ఎదుటి కిటికీల్లో అయిదుగురూ ఒక్కసారే తమ తమ ప్యాంటు అంచుల మీదికి వంగారు.