పక్క ఊరితో ఆటకు విమాన ప్రయాణం

విల్లో ఫోర్క్ కళాశాల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఈ ఏడాది నుంచి, తీరప్రాంత కళాశాలలు ఆడుకునే సాగరతీర సమాఖ్యలో చేరిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఉత్తర డకోటా గోధుమ చేల మధ్య ఉన్న ఈ కళాశాలకు దేశంలో అతి దగ్గరి సముద్రతీరం పన్నెండు వందల మైళ్ళ దూరం. "తీరం మనసులో ఉండాలి" అని అధ్యక్షులు డాక్టర్ విట్లాక్ గారు సెలవిచ్చారు. ఆ మాటను తీర్మానాల పుస్తకంలోకి ఎక్కించారు.

మరి బ్రెన్నర్‌తో ఆట ఏమవుతుందని కోచ్ ఆర్లిన్ టోఫ్ట్ సమావేశంలో చెయ్యెత్తి అడిగాడు. బ్రెన్నర్ కళాశాల పదకొండు మైళ్ళ అవతల ఉంది. తొంభై ఏళ్ళుగా ఏటా ఒక శనివారం రెండు ఊళ్ళూ తలపడేవి. ఓడిన కోచ్ మర్నాడు గెలిచిన ఊరి చర్చి హాల్లో ఏప్రన్ కట్టుకుని ఊరందరికీ పాన్‌కేకులు పోసి వడ్డించాలి. టోఫ్ట్ పద్దెనిమిదేళ్ళుగా వడ్డిస్తూనే ఉన్నాడు. బ్రెన్నర్‌లో ఎవరికి సిరప్ ఎంత పొయ్యాలో ఆయనకు కంఠతా వచ్చు. వేసవిలో రిటైర్ అయ్యేలోగా ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కూర్చుని తినాలని ఆయన కోరిక.

బ్రెన్నర్ వారు కూడా అభివృద్ధి చెంది దక్షిణ సూర్య సమాఖ్యలో చేరారనీ, ఇక అలబామా వెళ్ళి ఆడతారనీ, ఇలాంటి పెరటి తగాదాలు రెండు సంస్థల స్థాయికీ తగవనీ అధ్యక్షులు ఓపిగ్గా వివరించారు. టోఫ్ట్ చెయ్యి దించాడు.

సీజన్ దివ్యంగా సాగింది. కుర్రాళ్ళు చరిత్ర పరీక్ష విమానంలో రాశారు. కెమిస్ట్రీ ప్రాక్టికల్ సీసాలను మాత్రం విమానాశ్రయ భద్రతా సిబ్బంది లోపలికి రానివ్వలేదు, వాళ్ళకు చదువు విలువ ఏం తెలుస్తుంది! జట్టు మూడు ఆటలు గెలిచి ఏడు ఓడి, జాతీయ ప్లేఆఫ్‌కు అర్హత సాధించింది. చిన్న కళాశాలల ప్లేఆఫ్‌లో మొదట ఎనిమిది జట్లుండేవి. చోటు దొరకనివాళ్ళు నొచ్చుకోవడంతో పదహారు చేశారు, తర్వాత ముప్ఫై రెండు, ఇప్పుడు అరవై నాలుగు. మొత్తం ఉన్నవి డెబ్భై ఒకటి. మిగిలిన ఏడింటికి నైతిక విజేతలుగా ప్రశంసాపత్రాలు అందాయి.

దేశమంతా గాలించి కంప్యూటరు విల్లో ఫోర్క్‌కు సరిజోడు ఎవరో తేల్చింది. బ్రెన్నర్. రెండు సమాఖ్యల ప్రధాన కార్యాలయాలకూ సమాన దూరంలో ఉండాలి కనుక, ఆట అరిజోనా ఎడారిలో అన్నారు. ఈ ప్రాంతం నుంచి దొరికింది ఒక్కటే విమానం. రెండు జట్లూ అందులోనే ఎక్కాయి. టోఫ్ట్ పక్క సీటు బ్రెన్నర్ కోచ్ లైల్ క్రూగర్‌ది.

"ఏం ఆర్లిన్, ఏప్రన్ ఉతికించావా?" అన్నాడు క్రూగర్ బెల్టు బిగించుకుంటూ.

"ఉతికించా. నీ పొట్టకి సరిపోవాలని నాడాలు కూడా పొడుగు చేయించా."

"పద్దెనిమిదేళ్ళ నుంచీ ఇదే మాట. పోనీలే, చెయ్యి మాత్రం బాగా తిరిగింది నీకు. ఒక్క పాన్‌కేకూ వంకర పోదు."

టోఫ్ట్ ఒళ్ళు మండి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అరవై వేలమంది పట్టే స్టేడియంలో నాలుగు వందల మంది చూస్తుండగా, బ్రెన్నర్ ఆఖరి కిక్ స్తంభానికి తగిలి బయటపడింది. ఇరవై, పదిహేడు. విల్లో ఫోర్క్ గెలిచింది. టోఫ్ట్ టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాటికి తిరుగు విమానం లేకపోవడంతో వడ్డన తర్వాతి ఆదివారానికి వాయిదా పడింది. మాట తప్పే మనిషి కాదు క్రూగర్. విల్లో ఫోర్క్ చర్చి హాలుకి ఏప్రన్ కట్టుకుని వచ్చాడు.

"ఇంకోటి వెయ్యనా?"

"వెయ్యి. అంచులు మాడ్చకు" అన్నాడు టోఫ్ట్. ఆయన బతుకులో ఇంత రుచిగా ఏదీ తినలేదు.

అప్పుడు అధ్యక్షులు లేచారు. ఈ ఆచారం ప్లేఆఫ్ సంఘం వారిని కదిలించిందట. "ఇక నుంచి ఈ ఆటా ఈ వడ్డనా ఏటా ఎడారిలోనే, టీవీ సాక్షిగా జరుగుతాయి! శిక్షణ పొందిన సిబ్బంది వడ్డిస్తారు. కోచ్‌లు కెమెరాకేసి చెయ్యి ఊపితే చాలు. మన సంప్రదాయం ఎంత ఎదిగిందంటే, ఇక దానికి మనం అక్కర్లేదు!"

హాలు చప్పట్లతో మారుమోగింది. క్రూగర్ గరిటె పక్కన పెట్టి కొట్టాడు. టోఫ్ట్ కూడా, నోట్లో ముద్ద నోట్లో ఉండగానే కొట్టాడు. ముందు మొదలుపెట్టింది ఎవరని తర్వాత ఆరా తీస్తే, హాల్లో ప్రతివాడూ పక్క కుర్చీ చూపించాడు.