లక్ష్మణమ్మ పూర్వానుభవం

సోమవారం ఉదయం గణపతిరావు వేసుకున్న పథకం చిన్నది. వయోజన విద్యా కేంద్రాల్లో చదువు చెప్పే ఐదుగురి వివరాలు ఎనిమిదింటిలోగా ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఉప్మా తినాలి. తొమ్మిదింటి బస్సుకు విజయనగరం నుంచి శృంగవరపుకోట వెళ్లాలి.

ఆయన మండల సమన్వయకర్త. పదకొండేళ్లుగా ఒప్పందం మీద పనిచేస్తున్నాడు. ఒప్పందం మార్చి నెలాఖరుకు ముగుస్తుంది, ఏప్రిల్లో మళ్లీ రాసిస్తారు. ఈసారి రాసిచ్చే ముందు బోధకుల నేపథ్యాలు చూస్తామని పైనుంచి లేఖ వచ్చింది. ఆ లేఖ చదివినప్పటి నుంచి గణపతిరావు రోజుకు రెండుసార్లు బీపీ చూపించుకుంటున్నాడు.

నలుగురి వివరాలు ఇరవై నిమిషాల్లో ఎక్కాయి. ఐదో మనిషి లక్ష్మణమ్మ. వయసు యాభై తొమ్మిది, చదువు ఏడో తరగతి. శృంగవరపుకోట బస్టాండులో ఇరవై ఎనిమిదేళ్లు టీ కొట్టు నడిపింది. కొత్త బస్టాండు కట్టినప్పుడు కొట్టు పోయింది. మూడేళ్లుగా ఇంటి అరుగు మీద వయోజన విద్యా కేంద్రం నడుపుతోంది. మండలంలో ఈ కేంద్రాల్లో చదవడం నేర్చినవాళ్లలో సగం మంది ఆ అరుగు మీంచి వచ్చినవాళ్లే.

పూర్వ వృత్తి అన్న గడి దగ్గర గణపతిరావు ఆగిపోయాడు. నొక్కితే జాబితా తెరుచుకుంది. బోధన, వైద్యం, పరిపాలన, బ్యాంకింగ్, రవాణా, ఇతరములు. ఆయన ఇతరములు నొక్కాడు. ధ్రువపత్రం జతచేయమని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఖాళీగా వదిలేస్తే పేజీ ముందుకు కదల్లేదు.

"ఏటి బావా, ఇంకా అవ్వలేదా?" అంది భార్య నీలవేణి. ఆమె ఆయనకు మేనమామ కూతురు. "ఉప్మా సల్లారిపోతన్నాది."

"టీ కొట్టుకి ధ్రువపత్రం ఎవడిస్తాడే?"

నీలవేణి ఆయన భుజం మీంచి చూసింది. "కొట్టు బస్టాండులోనే కదా. రవాణా నొక్కీ."

"అబద్ధం కదూ."

"బస్టాండు రవాణా కాకపోతే ఏటి, వైద్యమా?"

ఎనిమిదీ పది అయింది. గణపతిరావు రవాణా నొక్కాడు. ధ్రువపత్రం అడగకుండా, కింద ఇంకో గడి తెరుచుకుని పనిని వంద అక్షరాలకు తగ్గకుండా వివరించమంది. చదువురాని ప్రయాణికులకు బస్సు బోర్డులు చదివి చెప్పడం, ఎటు వెళ్లే బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించడం, రోజుకు సుమారు రెండు వందల మందికి ఈ సహాయం అందించడం అని రాశాడు. అందులో ప్రతి మాటా నిజమే. టీ గురించి మాత్రం రాయలేదు.

బుధవారం జిల్లా కార్యాలయం నుంచి సూపరింటెండెంటు రమేష్‌బాబు ఫోన్ చేశాడు. బోధకుల నేపథ్యాలతో పుస్తకం వేసే పని ఆయనది.

"ఏటండీ గణపతిరావు గారూ, ఇంత పెద్దావిడని మీ మండలంలో దాచేసినారు?"

"ఎవరు సార్?"

"లక్ష్మణమ్మ గారు. రవాణాలో ఇరవై ఎనిమిదేళ్లు. వయసు యాభై తొమ్మిది. ఇప్పుడు చదువు చెబుతున్నారంటే రిటైరయినట్టే కదా. విశ్రాంత అధికారిణి అని వేయించాను."

"సార్, ఆవిడ అధికారిణి కాదు."

"రిటైరయ్యాక అధికారులు ఎవరు ఉంటారండీ? అందుకే విశ్రాంత అని పెట్టింది."

"అది కాదు సార్..."

"పేరు పక్కన ఏదో ఒకటి లేకపోతే పేజీ బోసిగా ఉంటుందండి. పుస్తకం అచ్చుకి ఎల్లిపోయింది. ఇరవయ్యో తారీకు కల్యాణ మండపంలో శిక్షణకి ఎనభైమంది బోధకులు వస్తన్నారు. మొదటి ప్రసంగం ఆవిడదే. సంయుక్త సంచాలకులు పద్మకుమారి గారు పేరు చూసి స్వయంగా అడిగారు. రాష్ట్ర కార్యాలయం నుంచి వస్తన్నారు ఆవిడ. జాగ్రత్త."

గణపతిరావు ఆ మధ్యాహ్నం నిజం చెబుతూ ఒక లేఖ రాశాడు. తప్పు వివరాలు ఎక్కించిన సమన్వయకర్తను కొనసాగించరాదన్న నిబంధన గుర్తొచ్చి చింపాడు. రెండో లేఖలో తప్పు అన్న మాట లేకుండా రాశాడు. చదివితే విషయం ఏమిటో ఆయనకే అర్థం కాలేదు. దాన్నీ చింపాడు. లేఖ పంపితే ఇప్పుడే ఉద్యోగం పోతుంది. పంపకపోతే ఇరవయ్యో తారీకున, ఎనభైమంది ముందు పోతుంది. ఆయన ఇరవయ్యో తారీకును ఎంచుకున్నాడు.

శుక్రవారం ఇంకో ఫోన్ వచ్చింది. మాట్లాడిన మనిషి పేరు కూర్మనాథం. విశ్రాంత రవాణా ఉద్యోగుల సంఘానికి కార్యదర్శి.

"మా శాఖలో పెద్దావిడకి సభ జరుగుతోంటే మాకు సెప్పకపోవడం ఏటండి? కల్యాణ మండపం ముందు ఫ్లెక్సీ కట్టినారు, చూసి తెలుసుకోవాలా? దండ తెస్తన్నాం. సభ్యులు పన్నెండు మంది వస్తాం."

"ఆవిడ మీకు తెలుసా?" అని గణపతిరావు అడిగాడు.

సంఘానికి కార్యదర్శిగా ఉంటూ ఒక అధికారిణిని ఎరగనని చెప్పడం కూర్మనాథానికి కుదరదు.

"తెలీకపోవడమేటండి. ఆవిడ దగ్గర పన్జేసినాను."

గణపతిరావు కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు దీనికి సాక్షి కూడా ఉన్నాడు.

ఆదివారం ఆయన శృంగవరపుకోట వెళ్లాడు. లక్ష్మణమ్మ అరుగు మీద అట్టముక్కలు కత్తిరిస్తోంది. బిస్కెట్ డబ్బాల అట్ట. ఒక్కో ముక్క మీద ఒక్కో ఊరి పేరు రాసి, కేంద్రానికి వచ్చేవాళ్ల చేత చదివిస్తుంది.

"లక్ష్మణమ్మా, ఇరవయ్యో తారీకు నీకు జ్వరం రావాలి," అన్నాడు.

"నాకా? ఎందుకటా?"

ఆయన జరిగింది చెప్పాడు. ఆమె కత్తెర పక్కన పెట్టి విన్నది.

"అయితే నాను ఆపీసర్నని రాసీసినారు."

"నేను రాయలేదు. నేను రవాణా అని రాశాను. వాళ్లు ఆపీసరని రాశారు."

"టీ కొట్టని ఎందుకు రాయనేదు మాస్టారూ? ఎండలో వానలో ఇరవై ఎనిమిదేళ్లు నిలబడినాను. దొంగతనమేటి సెయ్యనేదు కదా."

"ఆ జాబితాలో లేదమ్మా."

"జాబితాలో లేకపోతే నాను లేనట్టేనేటి?"

"నువ్వు వస్తే నా ఉద్యోగం పోతాది," అన్నాడు.

లక్ష్మణమ్మ మళ్లీ కత్తెర అందుకుంది. "జ్వరమొచ్చిందని సెప్తే మా కేంద్రమోల్లంతా సూడ్డానికి వొచ్చీసి ఈ అరుగు మీదే కూకుంటారు. ఆల్లకి అబద్ధమాడలేను. వొస్తాను. అడిగినదానికే సెప్తాను. అడగనిది సెప్పను. సాలా?"

అంతకంటే ఆయనకు దొరికేది ఏమీ లేదు. సరేనన్నాడు.

ఇరవయ్యో తారీకు పది గంటలకు కల్యాణ మండపం నిండింది. వేదిక మీద నాలుగు కుర్చీలు. పద్మకుమారి, లక్ష్మణమ్మ, రమేష్‌బాబు, చివర గణపతిరావు. ముందు వరసలో కూర్మనాథం, పన్నెండుమంది సభ్యులు, దండ. ప్రతి ఒడిలో పుస్తకం ఉంది. లక్ష్మణమ్మ నేపథ్యం మూడో పేజీలో ఉంది. గణపతిరావు ఆ పేజీ తెరిచినవాళ్లను లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్ఫై దగ్గర మానేశాడు.

కూర్మనాథం లక్ష్మణమ్మకు దండ వేసి మైకు అందుకున్నాడు. "మేడం గారి దగ్గర పని నేర్చుకున్నవాణ్ని నేను. క్రమశిక్షణ అంటే ఆవిడదే," అన్నాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు. లక్ష్మణమ్మ కళ్లు చిట్లించి ఆయన్ని చూసింది. గణపతిరావు గ్లాసెడు నీళ్లు తాగి, పద్మకుమారి ముందున్న గ్లాసు కూడా తాగాడు.

పద్మకుమారి పుస్తకం తెరిచింది. "రవాణా శాఖ నుంచి చదువు చెప్పడానికి వచ్చినవాళ్లు మన కార్యక్రమంలో అరుదు. ఎక్కడ చేశారమ్మా?"

"ఎస్.కోట బస్టాండులో."

"ఇరవై ఎనిమిదేళ్లూ అక్కడేనా? బదిలీలు కాలేదా?"

"ఎవులూ సెయ్యనేదు."

"ఆఫీసు పని ఎక్కువగా ఉండేదా?"

"నేదమ్మా. నిలబడే పని."

రమేష్‌బాబు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. గణపతిరావు గడియారం చూసుకున్నాడు. పదీ పన్నెండు. ప్రసంగం పదకొండున్నరకు ముగియాలి. ఇంకొక్క ప్రశ్న రాకుండా ఉంటే చాలనుకున్నాడు.

"హోదా ఏమిటమ్మా?" అంది పద్మకుమారి. "పుస్తకంలో అధికారిణి అని మాత్రమే ఉంది."

లక్ష్మణమ్మ గణపతిరావు వైపు చూసింది. అడిగిన ప్రశ్నే కాబట్టి చెప్పింది.

"టీ కొట్టమ్మా. గేటు పక్కన."

పద్మకుమారి మూడో పేజీ మళ్లీ చదివింది. ఎనభైమంది మూడో పేజీ తిప్పారు.

"ఈ బాబుని ఎరుగుదును," అంది లక్ష్మణమ్మ, కూర్మనాథాన్ని చూపిస్తూ. "కొత్తగా కండక్టరయినప్పుడు బస్సు దిగి నా దగ్గరికే వొచ్చేవోడు. ఏ బస్సు ఎన్నింటికో ఈయనకి తెల్దు. నానే సెప్పేదాన్ని. పంచదార ఎక్కువ ఎయ్యమనేవోడు."

సభ్యులు కార్యదర్శి వైపు తిరిగారు. "పని నేర్చుకున్నానని సెప్పనేదేటి మరి?" అన్నాడు కూర్మనాథం.

అక్కడితో సభ ఆగిపోవాలి. పద్మకుమారి ఆపలేదు. "మరి చదువు ఎలా చెబుతారమ్మా?" అని అడిగింది. లక్ష్మణమ్మ సంచిలోంచి అట్టముక్క తీసింది. దాని మీద శృంగవరపుకోట అని ఉంది.

"మొదటి పాఠం ఇదే."

ముందు వరసలో ఒక బోధకుడు నవ్వాడు. "అ, ఆ రాకుండా అంత కష్టమైన మాటేంటమ్మా?"

"మావోల్లు ఇజీనగరం ఆస్పత్రికి ఎల్లేటప్పుడు ఎవరో ఒకరు బస్సెక్కిస్తారు బాబూ. తిరిగొచ్చేటప్పుడు ఎవులెక్కిస్తారు? ఆల్లకి కావాల్సిన మాట ఇది. కావాల్సిన మాట కష్టంగా ఉండదు. ఇది వొచ్చీసినాక ఇందులో ర ఎక్కడుంది, ట ఎక్కడుంది అని ఎతుకుతారు. ఆల్లే ఎతుక్కుంటారు."

ఆమె గంటన్నర మాట్లాడింది. బోధకులు పుస్తకాల వెనక అట్టల మీద రాసుకున్నారు. అంతసేపూ గణపతిరావు వేదిక దిగే మెట్లు ఎటున్నాయో చూస్తూ కూర్చున్నాడు.

భోజనాల వేళ పద్మకుమారి ఆయన్ని పక్కగదిలోకి పిలిచింది. రమేష్‌బాబు కూడా వచ్చాడు.

"రవాణా అని ఎవరు పెట్టారు?"

"నేనే మేడం."

"విశ్రాంత అధికారిణి అని?"

రమేష్‌బాబు కిటికీలోంచి బయటికి చూశాడు.

"నిబంధన ప్రకారం మిమ్మల్ని కొనసాగించకూడదు," అంది పద్మకుమారి. "తీసేస్తే కారణం రాయాలి. కారణం రాస్తే పుస్తకం తప్పని రాయాలి. పుస్తకం పదమూడు వందల కాపీలు రాష్ట్రమంతా వెళ్లింది. ముందుమాట నాది."

ఆమె గణపతిరావు వైపు తిరిగింది.

"మీరు పదకొండేళ్లుగా ఉన్నారు కదా. ఎంతమందికి చదవడం నేర్పారు?"

"మండలంలో నాలుగు వందల పన్నెండు మందికి మేడం."

"మీరు, స్వయంగా."

గణపతిరావుకు ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ వేయలేదు. "నేను ఎం.ఏ., బి.ఎడ్. మేడం. నివేదికలు చూసుకుంటాను," అన్నాడు.

పద్మకుమారి కలం తీసింది. ఒప్పందం జూన్ నెలాఖరు వరకు పొడిగించింది. ఆ తర్వాత కొనసాగాలంటే ఈలోగా కనీసం ఒక్క వయోజనుడికి చదవడం నేర్పాలి. నేర్పినట్టు కేంద్రం నడిపే మనిషి సంతకం చేసిన పత్రం జతచేయాలి. కేంద్రం పేరు కూడా ఆమే రాసింది. శృంగవరపుకోట, లక్ష్మణమ్మ.

గణపతిరావుకు దక్కిన వయోజనురాలి పేరు ఈశ్వరి. అరవై ఏళ్ల మనిషి, మెట్టచేనులో చోడి అనే రాగి పంట పండిస్తుంది. వారానికి నాలుగు రోజులు వస్తుంది. వచ్చిన రోజు రెండు అట్ట బోర్డులు చూసి, "మాస్టారూ, మీరు ఊరికే కంగారు పడతన్నారు. దాంతో నాకు అచ్చరం కుదురుగా అవుపడ్డం లేదు," అంటుంది. ఏప్రిల్ నెలంతా ఆమె శృంగవరపుకోట బోర్డు దగ్గరే ఉంది. మే నెలలో విజయనగరం చదవడం వచ్చింది.

జూన్ ఇరవై ఆరున గణపతిరావు పత్రం టైపు చేయించి అరుగు మీదికి తెచ్చాడు. లక్ష్మణమ్మ అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ మొదటి నుంచి చివరిదాకా చదివింది. కలం అందుకోలేదు.

"ఇందులో ఈశ్వరికి అన్ని బోర్డులూ సదవడం వొచ్చీసిందని ఉన్నాది మాస్టారూ."

"దాదాపు వచ్చేసింది కదమ్మా."

"కొత్తవలస రానేదు."

"ఒక్క కొత్తవలసే కదా లక్ష్మణమ్మా. నాలుగు రోజుల్లో గడువైపోతాది. సంతకం పెట్టీ. తర్వాత నేర్పిస్తాను."

"నేర్పించినాక పెడతాను."

గణపతిరావు అరుగు చివరనున్న ఈశ్వరి వైపు తిరిగాడు. ఆమె అప్పటికే సంచి సర్దుకుంటోంది.

"వాన పడింది బాబూ. రేపట్నుంచి చోడి నారు పొయ్యాల. సోమారం దాటినాక వొస్తాను," అని చెప్పి వెళ్లింది.

మర్నాడు ఉదయం ఆరింటికి గణపతిరావు కొత్తవలస బోర్డు పట్టుకుని ఈశ్వరి చోడి చేను గట్టు మీద నిలబడ్డాడు.