మూడంగుళాల చట్టం

అరవై రెండేళ్లు వచ్చేదాకా థర్మన్ ఆపిల్‌గార్త్‌కి చట్టమంటే ఒళ్లుమంట. చేపలు పట్టే లైసెన్సు ఏ ఏడూ గడువులోగా తెచ్చుకున్న పాపాన పోలేదు. పీతల పొడవు చూసే కొలబద్దని ఇంట్లో భద్రంగా దాచి, పీతల వేటకి వెళ్లేవాడు. అలాంటి మనిషికి జూలైలో ఒక మధ్యాహ్నం, టపాలో వచ్చిన కాగితం చదవగానే ప్రభుత్వం మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది.

అతని తెరచాప పడవ 'పేషెన్స్'ని కోస్ట్ గార్డ్ వాళ్లు కేంద్రం జాబితాలో చేర్చుకుని, ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరుని పడవ లోపల, స్పష్టంగా కనిపించేచోట, మూడంగుళాలకు తగ్గని అంకెలతో, పీకితే పీకినట్టు తెలిసిపోయేలా శాశ్వతంగా బిగించాలి. మామూలు మనిషైతే ఏ మెట్ల పక్కనో బిగించి భోజనానికి వెళ్లిపోతాడు. థర్మన్ మామూలు మనిషి కాడు. అత్తగారున్న మనిషి.

అత్తగారి పేరు హెస్టర్, పెళ్లయినా ఆ ఊరి అలవాటు ప్రకారం అందరికీ మిస్ హెస్టరే. ఎనభై ఒకటి నిండాయి. ముప్పై నాలుగేళ్లు జిల్లా కోర్టులో గుమాస్తాగా చేసి, వాంగ్మూలాలు విని విని, ఇప్పుడు ఎవరు "గుడ్ మార్నింగ్" అన్నా దానికి ఆధారమేమిటన్నట్టు చూస్తుంది. ఏటా ఆగస్టులో థర్మన్, అతని భార్య చెసపీక్ అఖాతంలో పది రోజులు పడవ మీద తిరిగొస్తారు. థర్మన్ లెక్కలో ఏడాదికి తను బతికేది ఆ పది రోజులే. ఈసారి భార్య లెనోరా తల్లిని కూడా తీసుకొస్తానంది.

"పడవలో ముగ్గురికి చోటుంది. ముందు గదిలో మనిద్దరం, మధ్యలో బల్ల మీద అమ్మ. నాన్న పోయాక ఇల్లు కదల్లేదు, పాపం."

"మీ నాన్న ఉన్నప్పుడు మీ అమ్మ ఈ పడవెక్కి రెండు గంటల్లో నలభై ఒక్కసారి అడిగింది, ఇంజను ఎందుకు వెయ్యవూ అని."

"నలభై ఒకటా? కూచుని లెక్కపెట్టావా?"

"ఇంకేం చెయ్యను, గాలి లేదుగా."

"మరి ఇంజను వేసి ఏడవకపోయావా."

ఇలాంటి వాదనల్లో ఎప్పుడూ థర్మన్‌దే ఓటమి. కానీ ఇప్పుడు చేతిలో కాగితం ఉంది. రెండు రోజులు దాన్ని జేబులో పెట్టుకు తిరిగి, మూడోరోజు పొద్దున కాఫీ దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"నోరా, ఒక చిక్కొచ్చిపడింది. ఈ నంబరు మధ్య బల్ల పైనున్న గోడకే బిగించాలి. అక్కడైతేనే స్పష్టంగా కనిపిస్తుంది."

"బిగించు. వద్దన్నదెవరు?"

"బిగిస్తే ఇక ఆ బల్ల మీద ఎవరూ పడుకోకూడదు. తలగడ అడ్డం, భుజం అడ్డం. నంబరు ఎల్లవేళలా కనిపించాలి కదా."

"ఆ ముక్క కాగితంలో ఉందా?"

"చట్టం అన్నీ నోరు విప్పి చెప్పదు నోరా. కొన్ని మనమే అర్థం చేసుకోవాలి."

లెనోరా ఖాళీ కప్పు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. తల్లిని రమ్మని ఫోన్ చేసి అప్పటికి వారమైంది, ఆవిడ కొత్త టోపీ కూడా కొనుక్కుంది. ఆ వీపు చూసి థర్మన్‌కి జాలేసింది. ఆ జాలి మధ్యాహ్నం భోజనాల వరకూ నిలిచింది.

గురువారం నాడు పలక తయారైంది. టేకు చెక్క మీద అంకెలు లోతుగా చెక్కాడు. మూడంగుళాలు చాలన్నా నాలుగంగుళాలు చెక్కాడు. చట్టానికి లోటు చేయడం అతనికి ఇష్టం లేదు. రెండు డబ్బాల్లోని ఎపాక్సీ జిగురు కొలత ప్రకారం కలపమని రాసి ఉంటే, తొందరగా పట్టాలని రెండో డబ్బాలోది రెట్టింపు పోశాడు. పలకని గోడకి అదిమి పట్టుకున్నాడు. పది నిమిషాలకు చేతులు లాగాయి. బల్ల మీద పక్కకి ఒరిగి వీపుతో అదిమితే పోతుందనిపించింది. తెలివైన ఆలోచనే. వీపుతో అదిమాడు, కళ్లు మూసుకున్నాడు, నిద్రపోయాడు.

భోజనానికి రాలేదేమని లెనోరా రేవుకి వచ్చి పడవలోకి తొంగిచూసేసరికి, ఎవరూ పడుకోకూడని బల్ల మీద మొగుడు గోడకి అతుక్కుని ఉన్నాడు.

"ఎవరూ పడుకోకూడదన్నావు కదా?"

"పడుకోలేదు. విధి నిర్వహణలో ఉన్నాను."

"అయితే లేచి రా."

"అదే కుదరడం లేదు."

పలక అంచుల్లోంచి పొంగిన జిగురు గళ్ల చొక్కాని గోడకి కట్టేసింది. లెనోరా వంట సొరుగులోంచి కత్తెర తెచ్చి, తొందరేమీ లేనట్టు, కాలరు నుంచి మొదలుపెట్టింది. చివరికి థర్మన్ బయటపడ్డాడు. అరచెయ్యంత గళ్ల గుడ్డ మాత్రం నంబరు పక్కనే ప్రభుత్వానికి దఖలుపడిపోయింది. లెనోరా మొగుడి ఒట్టి వీపు వంకా, బల్ల వంకా చాలాసేపు చూసింది. అసలు కథ ఆమెకి బోధపడింది అప్పుడే కాబోలు. పైకి మాత్రం, "అన్నం చల్లారిపోతోంది," అంది.

శనివారం మధ్యాహ్నం మిస్ హెస్టర్ పడవ చూడటానికి వచ్చింది. కొత్త టోపీ, చేతిలో ఆ తీరం వాళ్లు చేసే పది పొరల స్మిత్ ఐలండ్ కేకు. మెట్లు దిగి, కళ్లజోడు పెట్టుకుని, నంబరు చదివింది, గుడ్డముక్క చదివింది, కాగితం అడిగి తీసుకుని వెనకా ముందూ చదివింది.

"అబ్బాయ్, ఇక్కడెవరూ పడుకోకూడదన్నది నీ మాటా, చట్టం మాటా?"

"చట్టం మాటే అత్తగారూ. నాదేముంది? మీరొస్తారని నేనెంత సంబరపడ్డానో నోరానడగండి."

"నేను కాక ఇంకెవరు పడుకున్నా తప్పేనా?"

"ఎవరైనా తప్పే. ప్రెసిడెంటు వచ్చి పడుకున్నా తప్పే."

"కాస్త గట్టిగా చెప్పు. చెవులు సరిగా వినపడ్డం లేదు."

రేవులో అటు చివర ఎవరైనా దగ్గితే ఇటునుంచి మందు చెప్పే చెవులవి. అయినా థర్మన్ ఉత్సాహంగా మళ్లీ చెప్పాడు. ఈసారి ప్రెసిడెంటుతోపాటు సుప్రీంకోర్టు జడ్జీలని కూడా కలిపాడు.

"విన్నావుగా నోరా. నువ్వే సాక్షివి," అంది మిస్ హెస్టర్. "చట్టాన్ని కాదనడం నావల్ల కాదు. నేనూ నోరా ముందు గదిలో పడుకుంటాం. నువ్వు బయట, చుక్కాని దగ్గర పడుకో."

థర్మన్‌కి ఈ లెక్క తట్టలేదు. చోట్లు మూడే అనుకున్నాడు కానీ, ముందు గదిలో ఉండాల్సిన ఇద్దరిలో తను ఒకడు కాకపోవచ్చన్నది బుర్రకే రాలేదు.

"బయటా? ఆగస్టులోనా? దోమలు ఎత్తుకుపోతాయి అత్తగారూ. చట్టంలో కూడా... ఇంటివాళ్లకి ఏదో సడలింపు ఉంటుందేమో."

"ప్రెసిడెంటుకే లేదన్నావుగా," అంది లెనోరా.

"పోనీ పలక తీసి మెట్ల పక్కన పెట్టేస్తాను." అంచు పట్టుకుని లాగాడు. గోరు విరిగింది. పలక మాత్రం పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టు ఉంది.

"పీకితే తెలిసిపోతుంది థర్మన్. అది మాత్రం నిజంగానే రాసుంది." లెనోరా వచ్చి అతని ఎదురుగా కూచుంది. ఆమె గొంతులో వెటకారం లేదు. "ఒక్కటే అడుగుతాను. పడుకోకూడదన్న నియమం నువ్వు కల్పించింది కాదు కదా?"

ఒప్పుకుంటే అబద్ధాలకోరు, ఒప్పుకోకపోతే దోమల పాలు. ముప్పై ఏళ్ల కాపురంలో లెనోరా ఇంత మెత్తగా అడిగింది తక్కువ. నిజం చెప్పేద్దామనే అనుకున్నాడు. ఇంతలో కళ్లజోడు మీంచి అత్తగారి చూపు తగిలింది. ఆవిడ ముందు ఓడిపోవడం కన్నా దోమలే నయమనిపించింది.

"కాదు," అన్నాడు.

"మంచిది," అంది మిస్ హెస్టర్. కేకు కోసి పెద్ద ముక్క అతని చేతిలో పెట్టింది. అతను సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి సగం ఒక్కసారే నోట్లో కుక్కుకున్నాడు.

"ఈ బల్ల నా నడుముకి పనికిరాదని నిన్ననే నోరాకి ఫోన్లో చెప్పాను. ఎటూ నేను ముందు గదిలో నోరా పక్కనే పడుకునేదాన్ని. బల్ల నీకేననుకున్నాం. అబద్ధమని ఒక్క మాట అనుంటే, ఈ బల్ల మీద నేనే నీకు దుప్పటి పరిచేదాన్ని అబ్బాయ్."

థర్మన్ గబగబా నమిలి, ఇప్పుడైనా ఒప్పేసుకుందామని నోరు తెరిచాడు.

"వద్దులే. సాక్షి ముందు చెప్పిన మాట మార్చుకుంటే బాగుండదు," అని ఆవిడ రెండో ముక్క పెట్టింది.